ఎం.ఓ. ఒకటి: పండుమిరప పచ్చడి

కొత్తగా ప్రాసిక్యూటర్లయిన పిల్లలు ఆదివారం పూట మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగి, సోఫాలో సర్దుకున్నాక అడుగుతారు: "సర్, హౌస్ బ్రేకింగ్ కేసులో ఏమేం రుజువు చేయాలండీ?" చేతిలో ఫోనుంది, ఫోనులో చట్టమంతా ఉంది. అయినా నన్నే అడుగుతారు. ముసలాయనకి కాలక్షేపం అవుతుందని కాబోలు. నేనూ సరదాపడి చెయ్యి చాపి అయిదు వేళ్లూ చూపిస్తాను.

బొటనవేలు: లోపలికి వెళ్లాలి. మనిషి మొత్తం వెళ్లక్కర్లేదు, ఒంట్లో ఏ కాస్త వెళ్లినా వెళ్లినట్టే. చూపుడువేలు: అది మనుషులుండే ఇల్లో, సామాను దాచే కట్టడమో అయ్యుండాలి. నడిమివేలు: తీసున్న తలుపులోంచి నడిచెళ్తే చాలదు, కన్నం వేసో, తాళం తీసో, గొళ్లెం ఊడదీసో వెళ్లాలి. ఉంగరంవేలు: వెళ్లేటప్పుడే నేరం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. చిటికెనవేలు: దొంగతనం కూడా కలిపితే, తీసింది పరాయివాళ్ల సొత్తయి ఉండాలి, వాళ్లు ఒప్పుకోకుండా తీసుండాలి. ఇప్పుడు కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ వేళ్లు మాత్రం అవే.

ఆ అయిదు వేళ్లనీ నేను స్వయంగా పచ్చట్లో ముంచిన సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యాను, ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను, ఇక దాచి ఏం చేసుకుంటాను. చదివి నవ్వుకోండి, కానీ నాలా చేయకండి.

హైవే పక్కన, మిరపచేలకీ పత్తిచేలకీ మధ్య ఒక చిన్న ఊళ్లో మేజిస్ట్రేటు కోర్టు. నేనక్కడ పబ్లిక్ ప్రాసిక్యూటర్ని, అంతా పీపీ గారనేవాళ్లు. ఊరి పేరు చెప్పను. చీమకుర్తి వైపు నుంచి రాళ్ల లారీ వెళ్లినప్పుడల్లా బిల్డింగు వణికేది. సాక్షి చెప్పింది వినపడక మళ్లీ చెప్పించుకునేవాళ్లం. రెండోసారి చెప్పేటప్పటికి సాక్షి కాస్త మార్చి చెప్పేవాడు. అలా పోయిన కేసులు కూడా ఉన్నాయి.

ఆ కోర్టుకి ఒకరోజు ఎస్సై కుర్రాడు ఒక జాడీ పట్టుకొచ్చాడు. అయిదు కిలోలు పట్టే పింగాణీ జాడీ. మూతికి వాసెన గుడ్డ కట్టి, ముడి మీద లక్క సీలు వేసి, మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించాడు. పిల్లాణ్ని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా ఎత్తుకొచ్చాడు. కేసు సామాన్లు, కోర్టు భాషలో ఎం.ఓ.లు, చూసుకునే మా గుమాస్తా దాన్ని రిజిస్టరులో రాసుకుని, "ఎం.ఓ. ఒకటి, పండుమిరప పచ్చడితో జాడీ" అని చదివాడు. చదువుతుంటే వాడి గొంతులో నీళ్లూరడం నేను విన్నాను.

కేసు ఏమిటంటే, పక్క పల్లెలో ఇద్దరు తోడికోడళ్లు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో నడుమెత్తు గోడ. అత్తగారు పోయేముందు చీరాలలో కొన్న జోడు జాడీలు చెరొకటి ఇచ్చింది. రంగూ అదే, ఎత్తూ అదే, మెడ దగ్గర గోధుమరంగు పట్టీ కూడా అదే. మిరపకోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దావిడ చేనునుంచి వచ్చేసరికి తాళం తీసుంది, జాడీ లేదు. తాళంచెవి గుమ్మం పైన పెట్టి వెళ్లిందట. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. పోలీసులు వెతికితే చిన్నావిడ వంటింట్లో జాడీ దొరికింది. "అది నాదే" అని చిన్నావిడ. "దానిది పోయినేడే పగిలిపోయింది, ఇది నాది" అని పెద్దావిడ. గుమ్మం పైనుంచి తాళంచెవి తీసుకుని తెరిచినా చట్టం దృష్టిలో ఇల్లు పగలగొట్టినట్టే కాబట్టి, పట్టపగలు హౌస్ బ్రేకింగ్, ఇంట్లో దొంగతనం, రెండు సెక్షన్లూ కట్టారు.

నవ్వొస్తుంది కదా. నాకూ వచ్చింది, చిన్నావిడ అంగన్వాడీలో ఆయా అని తెలిసేదాకా. శిక్ష పడితే ఆ ఉద్యోగం పోతుంది. పసిపిల్లలకి గుడ్లూ అన్నమూ పెట్టే చోట దొంగని ఎవరుంచుకుంటారు? భర్త నడుం దెబ్బతిని ఇంట్లోనే ఉంటున్నాడు. ఇంటిల్లిపాదీ ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నారు.

ఇక మా పాపం సంగతికొస్తాను. అప్పట్లో నాకు బీపీ మొదలైంది. డాక్టరు ఉప్పూకారాలు బంద్ అన్నాడు. మా ఆవిడ ఆ డాక్టరు మాటని వేదంలా పట్టుకుంది. రోజూ క్యారేజీలో సొరకాయ, లేకపోతే బీరకాయ, అదీ లేకపోతే ఆ రెండూ కలిపి. గుంటూరు జిల్లాలో పుట్టినవాడు తినే తిండేనా అది? ఒకరోజు మధ్యాహ్నం గుమాస్తా వచ్చి చెవిలో చెప్పాడు.

"సార్, ఎం.ఓ. ఒకటి ఒకసారి తనిఖీ చేయాలండీ. నూనె ఊరి లక్క సీలు జారిపోయింది. సరుకు పాడైపోతే రేపు మాట మనకొస్తుంది."

"చెయ్యి. నన్నెందుకు పిలుస్తావ్? ఆ చేతిలో స్పూనెందుకు?"

"లోపల కూడా చూడాలిగా సార్."

ప్రాసిక్యూటరు కేసు సామాన్ల గదిలోకి వెళ్లకూడదు. కాబట్టి నేను వెళ్లలేదు. నేను నియమాలు తెలిసినవాణ్ని. గడప బయటే నిలబడి, ప్లేటు పట్టుకున్న చెయ్యి మాత్రం లోపలికి చాపాను. ఎదురుగా ఉన్న మెస్సు నుంచి తెప్పించిన వేడన్నం. గుమాస్తా ఇంటినుంచి తెచ్చిన నెయ్యి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ముందు దంచిన వెల్లుల్లి తగిలింది, తర్వాత చింతపండు పులుపు, ఆ తర్వాత కారం నిదానంగా వచ్చి నడినెత్తిన కూర్చుంది. కళ్లంట నీళ్లు కారాయి. ఆనందమో కారమో విడదీసి చెప్పలేను. సొరకాయ తిన్న ఆర్నెల్లూ ఒక్క ముద్దతో తీరిపోయాయి.

మొదట నెలకోసారి తనిఖీ అనుకున్నాం. తర్వాత వారానికోసారి. ఎండాకాలం వచ్చేసరికి సరుకు త్వరగా పాడవుతుందన్న భయం పెరిగి, రోజూ తనిఖీ చేయాల్సొచ్చింది. పాడయ్యే వస్తువైతే కోర్టు అనుమతితో ముందే వదిలించుకోవచ్చు, చట్టంలో దారుంది. పచ్చడి పాడయ్యే వస్తువు కాదని మేమిద్దరం ఏకగ్రీవంగా తేల్చుకున్నాం. పది నెలలకి కేసు విచారణకొచ్చేసరికి జాడీ అడుగున చెంచాడు మిగిలింది. గీకితే.

పెద్దావిడ సాక్ష్యానికొచ్చింది. అరవై ఏళ్లుంటాయి, నిటారు మనిషి. నేనడిగినవన్నీ తడుముకోకుండా చెప్పింది. నాలుగు వేళ్లు ముడిచేశాను, చిటికెనవేలు ఒక్కటే మిగిలింది. అప్పుడు ముద్దాయి తరఫు లాయరమ్మ లేచింది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్ల. గౌను ఇంకా ఇస్త్రీ మడత విడవలేదు.

"అమ్మా, మీరు పండుమిరప పచ్చట్లో వెల్లుల్లి వేస్తారా?"

"మా అత్త వేయలేదు, నేనూ వేయను. మిరపకాయ, చింతపండు, ఉప్పు, మెంతిపొడి. అంతే. వెల్లుల్లి వేసేది కారం చేతగానోళ్లు."

"మరి మీ తోడికోడలు?"

"అది అన్నిట్లోనూ వేస్తుంది. పాయసంలో ఇంకా వేయలేదు, అంతే తేడా."

కోర్టంతా నవ్వింది. లాయరమ్మ నవ్వలేదు. మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, "జాడీలు రెండూ ఒకేలాంటివండీ, వాటిని బట్టి తేలదు. లోపలున్న పచ్చట్లో వెల్లుల్లి ఉంటే అది నా క్లయింటు సొంత జాడీ, దొంగతనమే లేదు. వెల్లుల్లి లేకపోతే నేను ఇంకేమీ వాదించను. జాడీ కోర్టులో తెరిపించండి, ఇద్దరిచేతా రుచి చూపించండి" అంది.

మేజిస్ట్రేటు గారు రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చినావిడ. చాలా ఖచ్చితం మనిషి. పది రోజులకి వాయిదా వేసి, ఎం.ఓ. ఒకటి హాజరుపరచమని రాసేశారు.

నా పని అయిపోయిందనుకున్నాను. ఎందుకో మీకర్థమైంది కదా. అందులో వెల్లుల్లి ఉంది. పది నెలలపాటు నా నాలుకే సాక్షి. బోనులో నిలబడిన ఆ మనిషి దొంగ కాదని ఆ గదిలో ఆవిడ కాక ఖచ్చితంగా తెలిసింది గుమాస్తాకీ నాకూ మాత్రమే, ఆవిణ్ని దొంగని నిరూపించాల్సినవాణ్నీ నేనే. చెప్పాలంటే సాక్ష్యం తిన్నానని ఒప్పుకోవాలి.

గుమాస్తా సామాన్ల గది ముందు కూలబడి ఉన్నాడు. ఆ గది తాళంచెవి కూడా గుమ్మం పైనే ఉంటుందని అప్పుడు నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. వేళ్లు వాటంతటవే లెక్కపెట్టుకున్నాయి. సామాను దాచే కట్టడమే. తాళం తీశాం. ఉద్దేశం ఉంది, నెయ్యి కూడా తెచ్చుకున్నామంటే ఇంకా ఎంత ఉద్దేశం కావాలి? పరాయి సొత్తే. ఇక ప్రవేశం అంటారా, నేను గడప దాటలేదు గానీ చెయ్యి దాటింది. ఎంతోమందికి ఆ ఒక్క ముక్కతో శిక్ష వేయించాను.

"సార్, మా ఆవిడ చేత నింపిస్తాను. ఇంట్లో పండుమిరప తొక్కు ఉంది" అన్నాడు గుమాస్తా.

తప్పే. తప్పని తెలుసు. అయినా అన్నాను: "వెల్లుల్లి బాగా వేయించు."

"ఎందుకు సార్?"

"ఉన్నది వెల్లుల్లి పచ్చడేగా. నిజాన్నే మళ్లీ తయారు చేయిస్తున్నాం, ఏం ఫర్వాలేదు."

ఇరవై మూడేళ్ల సర్వీసులో నేను ఆడిన అతి తెలివైన మాట అదే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, సిగ్గులేకుండా.

వాయిదా రోజు వచ్చింది. గుమాస్తా జాడీ మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త వాసెన గుడ్డ, కొత్త లక్క, నిండుగా పచ్చడి. వాడి మొహం మాత్రం పాలిపోయి ఉంది. ఫైలు అందిస్తున్నట్టు వంగి గొణిగాడు.

"సార్, చిన్న ఇబ్బంది. కార్తీక మాసమండీ. మా ఆవిడ వెల్లుల్లి గడప దాటనివ్వలేదు."

"బయట దంచి కలపలేకపోయావా?"

"అరుగు మీద దంచబోయానండీ. రోకలి లాక్కుంది."

అంటే ఆ జాడీలో ఉన్నది వెల్లుల్లి లేని పచ్చడి. మా ఇద్దరి తెలివితేటలకీ ఒక నిరపరాధి ఆయా ఉద్యోగం పోబోతోంది. చెప్పేద్దామని లేచాను. మేజిస్ట్రేటు గారు కళ్లద్దాల మీదుగా చూసి, "ఏమిటి పీపీ గారూ?" అన్నారు.

"నడుం పట్టిందండి" అని కూర్చున్నాను.

అదీ నా ధైర్యం. రాసుకోండి.

సీలు తీశారు. పెద్దావిడ ముందుకొచ్చి, జాడీలోకి తొంగి చూసి, చెంచాతో కాస్త తీసుకుని అరచేతిలో వేసుకుంది. నాలుక చివర అంటించింది. కళ్లు మూసుకుంది. లాయరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. చిన్నావిడ బోను కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"వెల్లుల్లి తగిలిందా అమ్మా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"లేదండీ."

చిన్నావిడ తల వంచేసుకుంది. నేను లేచి, "ఒక మనవి అండీ" అన్నాను. ఆ మనవి ఏమని చెప్పేవాణ్నో, మళ్లీ నడుమే అనేవాణ్నో, ఈ రోజుకీ నాకు తెలియదు. ఎందుకంటే పెద్దావిడ నా వైపు చెయ్యి చూపి, "ఆగండి లాయరు గారూ" అంది.

"వెల్లుల్లి లేదు, నిజమే. అంతమాత్రాన ఇది నాదని ఎవరన్నారు?"

"మీది కాదా?"

"ఇదా? చింతపండు పీచు తీయకుండా తొక్కారు. ఉప్పు పిడికిళ్లతో పోశారు. మెంతులు మాడబెట్టారు. మిరపకాయ తొడిమలు తగులుతున్నాయి చూడండి. ఇది పచ్చడేంటండీ, దిష్టి తీసి పారబోసేది."

గుమాస్తా మూల నిలబడి నేలవైపు చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా అదే పచ్చడి తింటున్నవాడు.

మేజిస్ట్రేటు గారు పెన్ను కింద పెట్టారు. "అమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పండి. ఇది మీది కాదని రాసుకుంటే మీ కేసు పోతుంది."

"పోతే పోనివ్వండి. ఈ పచ్చడి నాదని కోర్టు కాయితంలో ఎక్కితే నేను ఊళ్లో తలెత్తుకు తిరగగలనా? మా అత్త ఏ లోకంలో ఉందో, అక్కణ్నుంచి దిగొచ్చి కొడుతుంది."

తర్వాత చిన్నావిడ వంతు. ఆవిడ కూడా నాలుకకి అంటించుకుని మొహం చిట్లించింది. "నాది కాదండీ" అంది. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "మా అక్కదీ కాదండీ. మేం ఏడాదిగా మాట్లాడుకోవట్లేదు గానీ, ఉన్నమాట చెప్పాలి. మా అక్క జొరంతో పడుకుని చేసినా ఇంత అన్యాయంగా చేయదు."

"చూశారా" అంది పెద్దావిడ కోర్టువైపు తిరిగి, అదేదో తనకి అనుకూలమైన సాక్ష్యంలా.

ఆ తర్వాత ఇద్దరూ జాడీకి చెరోవైపు నిలబడి, మేజిస్ట్రేటు గారు బల్ల కొట్టేదాకా ఆ పచ్చట్లో తప్పులు ఎంచారు. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేశారు. గుమాస్తా మంచినీళ్ల కోసమని బయటికెళ్లి మళ్లీ రాలేదు.

పరాయి సొత్తన్నది రుజువు కాలేదు కాబట్టి కేసు కొట్టేశారు. జాడీ ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్లకే, అంటే చిన్నావిడకే, ఇచ్చేయమన్నారు. సంతకం పెడుతూ మేజిస్ట్రేటు గారు నన్నొకసారి చూసి, "పది నెలల క్రితం సీలు వేసిన గుడ్డ ఇంత తెల్లగా ఉందేమిటి పీపీ గారూ?" అన్నారు. నేను లేవబోతుంటే, "మీ నడుం చూపించుకోండి" అని తర్వాతి కేసు పిలిపించారు.

నేను బతికిపోయాననుకుంటూ మెట్లు దిగుతుంటే పెద్దావిడ అడ్డంగా నిలబడి ఉంది.

"లాయరు గారూ, పోలీసులు పట్టుకెళ్లిన రోజు జాడీలో ఉన్నది ఇది కాదు. ఇది ఈ వారంలో నింపింది. ఆ పచ్చడి ఎవరు తిన్నారు?"

కోర్టులో చెప్పలేనిది అక్కడ నోటంట వచ్చేసింది. "నేనేనమ్మా. మా గుమాస్తా, నేను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మొహం వెలిగిపోయింది. "పది నెలలూనా? ఎలా ఉంది?"

బాగుందని ఒక్క మాట అని వెళ్లిపోవచ్చు. ఆవిడ సంతోషంగా ఇంటికి పోయేది. కానీ లోపల రెండుసార్లు లేచి రెండుసార్లూ నోరు మూసుకున్నవాణ్ని, మూడోసారి నా వల్ల కాలేదు.

"చాలా బాగుందమ్మా. కానీ అందులో వెల్లుల్లి ఉంది. దంచి వేసిన వెల్లుల్లి."

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. నేనూ కింది మెట్టు మీద కూర్చున్నాను.

"సరిగ్గా గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

"అయితే అది దానిదే."

"దానిదేనమ్మా."

"మరి నాదేమైంది?"

"తెలీదమ్మా." నిజంగానే తెలీదు, ఈ రోజుకీ. గుమ్మం పైన తాళంచెవి పెట్టి వెళ్తే ఊళ్లో ఎవరు తీశారని చెప్పగలం?

"పది నెలలు కోర్టు చుట్టూ తిప్పాను దాన్ని" అంది. చెంగుతో మొహం తుడుచుకుంది. "దొంగ అన్నాను. వీధిలో నిలబడి అన్నాను. ఇప్పుడు దానికెట్లా చెప్పమంటారు?"

"లోపల నేను కూడా చెప్పలేకపోయానమ్మా" అన్నాను. అది ఆవిడకి ఏం ఓదార్పో నాకర్థం కాలేదు గానీ, నా భుజం మీద చెయ్యి వేసి, ఆ ఆసరాతో లేచింది.

గేటు బయట షేర్ ఆటో ఉంది. ఆ పూటకి వాళ్ల ఊరికి అదొక్కటే. చిన్నావిడ అప్పటికే ఎక్కి, జాడీ ఒళ్లో పెట్టుకుని అవతలివైపు చూస్తూ కూర్చుంది. పెద్దావిడ వెళ్లి ఆటో కమ్మీ పట్టుకుంది.

"జరగవే."

చిన్నావిడ జరిగింది. డ్రైవరు ఇంకో మనిషి కోసం అరుస్తున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న టీ బంకు వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. తర్వాత పెద్దావిడ, మొహం అటు తిప్పకుండానే అడిగింది.

"కేజీ పండుకాయకి ఎన్ని పాయలు వేస్తావే?"

చిన్నావిడ ఆవిడ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"చెప్పను" అంది. అని జాడీ ఎత్తి ఆవిడ ఒళ్లో పెట్టింది. "కాస్త పట్టుకో అక్కా, చేతులు పీకుతున్నాయి."